అంబాజీపేట పొట్టు, అమ్మ తమలపాకు

మా పుట్టిల్లు అమ్మేశాక అక్కణ్ణుంచి నాకు దక్కింది ఒక్క తమలపాకు తీగే. హైదరాబాదులో మా ఫ్లాట్‌లో రెండుసార్లు కొమ్మ నాటాను, రెండుసార్లూ కుళ్ళిపోయింది. కుండీలో మట్టి నీళ్ళు పట్టి గట్టిపడిపోయేది. మిగిలిన ఒక్క కొమ్మనీ సీసాలో నీళ్ళలో ఉంచి, ఆడపడుచు ఇంట్లో పెళ్ళికని కోనసీమ వెళ్ళాం.

అంబాజీపేట దగ్గర ఎటు చూసినా కొబ్బరి డొక్కల గుట్టలే. పీచు తీసే మిల్లు ముందు గోధుమరంగు పొట్టు రాశి పోసి ఉంది. పట్టుకుంటే దూదిలా తేలిక. "ఇది వరకు పారేసేవాళ్ళు వదినా, ఇప్పుడు ఇటుకలు చేసి అమ్ముతున్నారు" అంది మా ఆడపడుచు. ఒక ఇటుక కొన్నాను.

తిరుగు ప్రయాణంలో కడియం నర్సరీల దగ్గర ఆగాం. "వట్టి పొట్టు వద్దమ్మా, మరీ తడి పట్టేస్తుంది. మూడు వంతులకి ఒక వంతు పెర్లైట్ కలుపుకోండి" అన్నాడు అక్కడి ముసలాయన. చూడ్డానికి అచ్చం పేలాలే! అగ్నిపర్వతాల గాజురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే అలా విచ్చుకుంటుందట. దాని దుమ్ము ముక్కులోకి పోకుండా ముందు నీళ్ళు చిలకరించుకోవాలి.

ఇంటికొచ్చి ఇటుక నానేస్తే బక్కెట్ నిండా పొంగింది. పొట్టులో ఉప్పు ఉంటుంది కనుక మూడుసార్లు కడిగాను. మొదటి నీళ్ళు అచ్చం డికాషనే. బాల్కనీ పాడు చేశానని మావారు సణిగారు. సణగనీండి! పొట్టులో సారం ఉండదు, అందుకే పదిహేను రోజులకోసారి వర్మీకంపోస్టు నానేసిన నీళ్ళు పోస్తున్నాను.

కుండీని కిటికీ పక్కన, ఎండ తగలనిచోట పెట్టాను. నెలకి చిగురేసింది. ఇప్పుడు ఆరు ఆకులు. మొన్న వ్రతానికి తాంబూలంలోకి మాత్రం బజారు ఆకులే తెప్పించాను. వీటిని తుంచబుద్ధి కాలేదు.