జిగర్ కా టుకడా



చిన్నప్పటి నుంచీ మా అబ్బా నన్ను "మేరే జిగర్ కా టుకడా" అని పిలిచేవాడు. ముద్దుమాట అనే అనుకున్నా. జిగర్ అంటే లివర్ కూడా అని, అందులో ఒక టుకడా నిజంగానే కోసి తీసేయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

అబ్బా కడపలో దర్జీ. ఎనిమిది నెలలు మలంలో రక్తం పడింది. బవాసీర్ అనుకుని ఏవో దవాలు మింగాడు. షరమ్‌తో అమ్మీకి కూడా చెప్పలేదు. మనిషి సగం అయ్యాక టెస్టులు చేయిస్తే పెద్దపేగులో క్యాన్సర్, లివర్‌లో మూడు గడ్డలు. "ఫోర్త్ స్టేజ్. ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అన్నాడు మొదటి డాక్టర్.

"అబ్బాకు చెప్పొద్దు, అల్సర్ అందాం" అన్నాడు భాయ్‌జాన్. నేనూ తలూపాను. మూడు వారాలు ఇంటిల్లిపాదీ ఝూట్ చెప్పాం.

మా ఖాలా అల్లుడు పట్టుబట్టడంతో రిపోర్టులు హైదరాబాద్‌లో లివర్ ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. పేగుల్లోంచి రక్తం ముందు లివర్‌కే పోతుంది. అందుకే పేగు క్యాన్సర్ ఎక్కువగా అక్కడే దిగుతుంది. అంత మాత్రాన ఖతం అయినట్టు కాదు. గడ్డలన్నీ తీసేశాక మంచి లివర్ 30 శాతం మిగిలితే చాలు, అది కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది.

ఆయన ఉత్త తసల్లీ ఇవ్వలేదు. ఇలా లివర్‌కు పాకిన 100 మందిలో దాదాపు 20 మందికే మొదట్లో ఆపరేషన్ కుదురుతుందట. మిగిలిన వాళ్లలో కొందరికి కీమోతో గడ్డలు చిన్నవైతే అప్పుడు చేస్తారు. ఆపరేషన్ అయిన 100 మందిలో సుమారు 40 మంది ఐదేళ్లు దాటుతారు. సగానికి పైగా మందికి జబ్బు మళ్లీ వస్తుంది. వాళ్లలో కొందరికి ఇంకోసారి ఆపరేషన్ చేయొచ్చు.

"ఇదంతా పేషెంట్‌కు తెలుసా?" అని అడిగాడు. మేం తలలు దించుకున్నాం. "ఆయనకు చెప్పకుండా నేను కత్తి పట్టను" అన్నాడు.

ఆ రాత్రి ఇషా తర్వాత నేనే చెప్పాను. అబ్బా నా చెయ్యి పట్టుకున్నాడు. "మేరేకు మాలూం థా బేటీ. తుమ్ లోగా ఛుపా రహే బోల్ కే మై భీ చుప్ రహా" అన్నాడు. ఆయన్ను కాపాడుతున్నామనుకున్నాం. మూడు వారాలు మౌత్ భయంతో ఒంటరిగా వదిలేశాం. ఇప్పటికీ నా గుండెలో ముల్లు అదే.

కాసేపాగి అడిగాడు. "నలభై మంది బతుకుతారా? తో ఉస్ సఫ్ మే మై భీ ఖడా రహతా, ఇన్షా అల్లాహ్."

ముందు పేగు ఆపరేషన్, తర్వాత కీమో. ఆ మందుకు చల్లటిది తగిలితే వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేవి. అమ్మీ వజూకి నీళ్లు వేడిచేసి ఇచ్చేది. వేళ్లు మొద్దుబారి సూదిలో దారం ఎక్కించలేకపోయినప్పుడు మాత్రం అబ్బా ఏడ్చాడు. ఆ తర్వాత లివర్ ఆపరేషన్ జరిగింది. అమ్మీ గాజులు అమ్మేశాం.

ఇప్పటికి మూడేళ్లు. మధ్యలో ఒక గడ్డ మళ్లీ వచ్చింది, మళ్లీ తీశారు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. వచ్చాక అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకుని మళ్లీ మూడు నెలలు బతుకుతాం. మొన్న నా కూతురికి ఈద్ కుర్తా అబ్బానే కుట్టాడు. కుట్టు కాస్త వంకర పోయింది.

మీ ఇంట్లో ఎవరికైనా మలంలో రక్తం పడితే షరమ్ పడకండి, డాక్టర్‌కు చూపించండి. ఫోర్త్ స్టేజ్ అన్నారని ఇంటికి తెచ్చేయకండి, లివర్ సర్జన్‌ను ఒక్కసారి అడగండి. అందరికీ ఆపరేషన్ కుదరదు. కుదురుతుందో లేదో అడగడం మాత్రం మన ఫర్జ్. జబ్బు ఎవరిదో వాళ్లకు సచ్ చెప్పండి.

మా అబ్బాను దువాలో యాద్ ఉంచుకోండి.