మిగిలిన చుక్క

మా అమ్మగారు బహ్రెయిన్ వచ్చిన నెలకే మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరి, సెప్సిస్‌తో ఐ.సి.యు.లో చేరారు. పక్క మంచం కుర్రాడిదీ అదే జబ్బు. అతను కోలుకున్నాడు, అమ్మ మాకు దక్కలేదు.

ఒకే ఎర్రర్ మెసేజ్ వెనక వేర్వేరు బగ్గులుంటాయని సాఫ్ట్‌వేర్ వాళ్ళం మాకు తెలుసు. సెప్సిస్ కూడా అంతేనట! 2019లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు వేలమంది రోగుల రికార్డులు జల్లెడపట్టి, అందులో నాలుగు రకాలు గుర్తించారు.

పరీక్షలకు తీసిన రక్తంలో మిగిలింది పారబోయకుండా, పేరు తీసేసి, ఎథిక్స్ కమిటీ అనుమతితో పరిశీలిస్తే ఈ తేడాలు ఇంకా తెలుస్తాయి. మళ్ళీ సూది గుచ్చక్కర్లేదు.

ఆనాడు అడిగితే భయపడేవాళ్ళమేమో. ఇప్పుడైతే సరేనంటాం. మెతుకు పారేస్తే ఊరుకోని మనిషి, అమ్మా వద్దనేవారు కాదు. మన బడి పిల్లల్లో ఒకరైనా రేపు ఈ పరిశోధన చేపట్టాలని మా ఆశ.