పడవ మీది పాట, కాగితం మీది పాట

మే 6
పేటర్ హెక్టొరోవిచ్ కావ్యం గురించి చదువుతున్నాను. పేరును 'చేపల వేట, జాలర్ల ముచ్చట్లు' అనుకోవచ్చు. క్రొయేషియాలోని హ్వార్ దీవిలో స్టారి గ్రాడ్ ఊరికి చెందిన కులీనుడు ఆయన. ఇద్దరు జాలర్లతో పడవెక్కి మూడు రోజులు బ్రాచ్, షోల్తా దీవుల వైపు తిరిగొచ్చాడు. దారిలో వాళ్ళు పాడిన పాటలను తన పద్యాల నడుమ ఉన్నవున్నట్టు పెట్టాడు. రెండింటికి వరుసలు కూడా స్వరలిపిలో రాసి ఇచ్చాడు. 1568లో వెనిస్‌లో అచ్చయింది.

మే 7
జాలర్ల పేర్లు పాస్కోయ్ డెబెల్యా, నికొలా జెట్. పాడినవాళ్ళ పేర్లు కూడా నిలవాలని నాలుగున్నర శతాబ్దాల కిందట ఒక కులీనుడికి తోచింది! పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మే 9
ఒక పాట ఇద్దరూ కలిసి పాడారట, ఒకరు కింద, ఒకరు పైన. కాగితం మీద ఒక్క గొంతే ఉంది. తాళం గీతలూ లేవు.

మే 14
హెక్టొరోవిచ్ పుస్తకానికి మూడు వందల ఏళ్ళు దాటాక పాటలు అచ్చువేసినవాడు ఫ్రాన్యొ కుహాచ్. 1834లో ఒసియెక్‌లో పుట్టాడు. ఊరూరా తిరిగి పోగుచేసిన పాటల్లో 1600 పాటలను 1878-81 మధ్య నాలుగు సంపుటాలుగా తెచ్చాడు. పాటలకు పియానో తోడు కూడా రాశాడు. నా బాధ అక్కడే. పల్లె గొంతు రెండు మెట్ల మధ్య నిలబడే చోటు ఆ వాద్యంలో లేదు. మన హార్మోనియంలోనూ లేదు. అయినా ఆయన తిరగకపోతే ఆ పాటల్లో ఎన్ని మిగిలేవి? కోప్పడలేను.

మే 21
ఇస్ట్రియా ద్వీపకల్పం పాటలు విన్నాను. సన్నాయి లాంటి సొపెలెలు పెద్దదీ చిన్నదీ జంటగా మోగుతాయి. గొంతులూ జంటే. మొదట శ్రుతి తప్పిందనుకున్నాను. చివర రెండూ ఒక్క స్వరంలో వాలేసరికి ఒళ్ళు జలదరించింది. వీటిని ఎలా రాయాలో స్వరకర్త ఇవాన్ మాటెటిచ్ రోన్యగొవ్ 1925లో వివరించాడు. ఆరు స్వరాలు, ఇరుకు మెట్లు. అసలు గొంతు ఆ లెక్కకు కాస్త అటూ ఇటూ పడుతూనే ఉంటుంది. 2009లో ఈ జంట పాటకూ వాద్యానికీ యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

మే 22
హెక్టొరోవిచ్ ఇచ్చిన వరుస హార్మోనియం మీద మెల్లగా వాయించాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కాగితం చెప్పలేదు. పెట్టె పక్కన పెట్టి, తెడ్డు వేసినట్టు ముందుకూ వెనక్కూ ఊగుతూ పాడి చూశాను. ఊపిరి దానంతటదే ఒకచోట ఆగింది.