పంచామృతం ఒలికిన సోమవారం

గత కార్తీకమాసంలో ఒక సోమవారం సాయంకాలం, ప్రదోషాభిషేకానికి సన్నాహం చేస్తుండగా నా ఉత్తరీయపు అంచు తగిలి పంచామృతపు గిన్నె ఒరిగింది. పక్కనే పీటపై తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ మీద పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర అన్నీ కలిసి పడ్డాయి. ఆలయంలో ఆ యంత్రానికేమి పని అని ఆస్తికులు అడుగవచ్చు. మా వెల్గటూరు ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు జీవిక కోసం వెళ్ళినవారు అనేకులు. వారు పంపే గోత్రనామాలు అందులో చూసే సంకల్పం చెబుతాను.

అయితే నా గుండె ఝల్లుమన్నది గోత్రనామాల కోసం కాదు. 2015 గోదావరి పుష్కరాల సమయంలో మా గురువుగారు శ్రీరుద్రానికి ఘనపాఠం చెప్పగా నేను ధ్వనిముద్రణ చేసుకున్నాను. ఆ మహనీయుడు నేడు లేరు. ఆ స్వరం ఆ ఒక్క యంత్రంలోనే ఉంది. రెండవ ప్రతి తీసి ఉంచకపోవడం కేవలం నా ప్రమాదమే.

వెంటనే ఆపివేసి వస్త్రంతో తుడిచాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఒక ఘటిక గడవగానే ఆత్రం ఆగక మళ్ళీ ఆన్ చేశాను. తెర ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఎవరో చెప్పగా రాత్రంతా బియ్యపు మూటలో ఉంచాను.

మరునాడు జగిత్యాలలో మరమ్మతు చేసే యువకుడు దానిని విప్పుతూ అడిగిన మొదటి ప్రశ్న, "అయ్యగారూ, తడిసినంక మల్లా ఆన్ చేసిండ్రా?" నేను తల వంచాను. అతడు ఓపికతో వివరించాడు. తడి ఉండగా విద్యుత్తు ప్రవహిస్తేనే ఎక్కువ అనర్థం. ద్రవం పడిన క్షణమే చార్జర్ తీసి, పవర్ బటన్ నొక్కి పట్టి ఆపివేసి, బోర్లా వంచి, ఎవరైనా విప్పి శుభ్రం చేసేవరకు మళ్ళీ ముట్టుకోకూడదు. లోపలికి దిగిన ద్రవాన్ని బియ్యం లాగలేదు. పైగా చక్కెర, తేనె తడి ఆరినా జిగురుగా మిగిలిపోతాయి. పెరుగులోని పులుపు లోహాన్ని తింటుంది. మదర్‌బోర్డుపై రాగి తీగల వద్ద అప్పుడే పచ్చని మరక మొదలైంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి చూస్తానని, కీబోర్డు మాత్రం మార్చక తప్పదని అన్నాడు. సమాచారమంతా ఉండే ఎస్ఎస్‌డి వేరే పలక అనీ, అది పాడవకుంటే మరొక కంప్యూటర్‌కు తగిలించి చూడవచ్చనీ చెప్పినప్పుడు కాస్త ఊపిరి వచ్చింది. రెండు రోజులు ఆగమన్నాడు.

మా కోటిలింగాల గుర్తుకు వచ్చింది. సిముక శాతవాహనుని నాణేలు దొరికిన ఆ నేలను ఎల్లంపల్లి జలాశయపు వెనుకజలాలు తాకాయి. ఏ గోదావరిలో స్నానం చేసి సంకల్పం చెబుతామో ఆ జలమే అక్కడి ఆనవాళ్ళను కప్పుతున్నది. నా పంచామృతమూ అటువంటిదే.

ఆ రాత్రి నిద్ర పట్టక, యంత్రం పోతే పోనీ, కంఠంలో ఉన్నది కదా అని ఘన ప్రారంభించాను. ఘనలో రెండు పదాలను ముందుకు, వెనుకకు చెప్పి, మూడవ పదాన్ని చేర్చి మూడింటినీ ముందుకు, వెనుకకు, మళ్ళీ ముందుకు తిప్పుతారు. ఒక్క పదం జారినా అల్లిక తెగుతుంది. పదవ అనువాకంలో నా అల్లిక తెగింది. మొదటి నుండి మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగిపోయాను. గురువుగారి ఎదుట తడబడకుండా అప్పగించిన భాగం అది. సిగ్గుతో దీపం వైపు చూడలేకపోయాను. ప్రతి ఉదయం ఆ ధ్వనిముద్రణ వింటూ పెదవులు కదిపి, అదే స్వాధ్యాయమని భ్రమించాను. అధమపాఠకులు ఆరుగురిలో వ్రాసినది చూసి చదివేవానిని కూడా పాణినీయ శిక్ష చేర్చింది. పుస్తకం చూసి చదివే శిష్యులను ఆ మాటతో నేనే ఎన్నోమార్లు మందలించాను. యంత్రం వెంట పెదవులు కదిపేవానిని ఏమనాలి?

మూడవనాడు ఆ యువకుడు ఫోన్ చేశాడు. ల్యాప్‌టాప్ కోలుకోలేదు, ఎస్ఎస్‌డి మాత్రం చెక్కుచెదరలేదు. ఫైళ్ళను రెండుచోట్ల భద్రపరిచి ఇచ్చాడు. దక్షిణగా ఫలాలు ఇవ్వబోతే నవ్వి, కీబోర్డు మార్చే పని తప్పింది కనుక తక్కువే తీసుకుంటానన్నాడు.

ఇప్పుడు బ్రాహ్మీముహూర్తంలో ముందుగా నేను చెప్పుకొని, ఆ తరువాతే వింటున్నాను. నిన్న పదవ అనువాకం వింటుండగా ఒకచోట గురువుగారు దగ్గారు. ఆగి, ఒక పదం వెనుకకు వెళ్ళి, మళ్ళీ అందుకొన్నారు. ఇన్నేళ్ళుగా విన్నాను, ఆ దగ్గు నాకు ఎన్నడూ వినబడలేదు.