బంటు మంత్రి అయ్యే వేళ

నోయిడాలో ఒక పాఠశాల ఆడిటోరియం. ఆదివారం మధ్యాహ్నం, చివరి రౌండు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కొలువు చేస్తున్న ఒక తెలుగు ఉద్యోగి కుమారుడు, పదకొండేళ్లవాడు, తన బంటును చివరి వరుసకు చేర్చాడు. గడియారంలో మిగిలినవి కొద్ది సెకన్లు. మంత్రి కోసం బల్లంతా వెదికాడు. కనిపించలేదు. అంతకు ముందు అతడు పోగొట్టుకున్న మంత్రి ఎదుటి కుర్రవాడి గుప్పిట్లో ఉంది. ఏంచేయాలో తోచక, పక్కన పడివున్న ఏనుగును తలకిందులుగా నిలిపి, 'క్వీన్' అని పలికి గడియారం నొక్కాడు. తరువాతి ఎత్తులో దానిని ఐమూలగా కదిపేసరికి ఎదుటివాడు చేయి ఎత్తాడు. ఆర్బిటర్ వచ్చి, తలకిందులుగా ఉన్నా ఏనుగు ఏనుగేనని తేల్చాడు. ఆట చేజారింది.

మెట్రో స్టేషనుకు నడుస్తూ తండ్రి అడిగాడు: "గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవొచ్చు కదరా?"

"ఆపితే తప్పేమో అనుకున్నాను నాన్నా."

తప్పు కాదు. అది ఆటగాడి హక్కు. ప్రపంచ చదరంగ సమాఖ్య 'ఫిడే' నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. చివరి వరుస చేరిన బంటు మంత్రిగానో, ఏనుగుగానో, శకటుగానో, గుర్రంగానో మారి తీరాలి. ఆ ఎంపిక చనిపోయిన పావులకే పరిమితం కాదు. ఒకే రంగు మంత్రులు ఇద్దరు ముగ్గురు ఉన్నా దోషం లేదు. కొత్త పావు ఆ గడిని తాకిన క్షణానే ఎంపిక ఖాయమవుతుంది. బంటును బంటుగానే వదిలి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. అప్పుడు బంటు స్థానంలో మంత్రినే పెడతారు. సాధారణ కాలపరిమితి ఆటల్లో ప్రత్యర్థికి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు. కావలసిన పావు దొరకనప్పుడు గడియారం ఆపి ఆర్బిటర్ సాయం కోరవచ్చునని నిబంధనల్లోనే ఉదాహరణగా రాసి ఉంది.

ఇంత స్పష్టత ఉన్నా పొరపాటు పసివాళ్లకే పరిమితం కాలేదు. 2017లో కెనడా జోనల్ చాంపియన్‌షిప్ టైటిల్‌ను తేల్చే బ్లిట్జ్ ఆటలో నికొలాయ్ నోరిత్సిన్ సరిగ్గా ఇలాగే తలకిందుల ఏనుగును నిలిపాడు. అతడి మంత్రి ఆ సమయంలో ప్రత్యర్థి బాతోర్ సంబుయెవ్ చేతిలో ఉండిపోయింది. ఆర్బిటర్ దానిని ఏనుగుగానే లెక్కించాడు. టైటిల్ సంబుయెవ్‌కు దక్కింది. నిబంధన ప్రకారం తీర్పులో లోపం లేదు. అయినా ప్రపంచమంతటా చదరంగప్రియులు ఆ వీడియో చూసి చర్చించుకున్నది ఏనుగు గురించి కంటే గుప్పిటను గురించే ఎక్కువ.

బంటు ఎదుగుదలను గురించి ఢిల్లీ ఎప్పటినుంచో మాట్లాడుతోంది. నిజాముద్దీన్ ప్రాంతంలో సమాధి ఉన్న అబ్దుల్ రహీమ్ ఖాన్-ఎ-ఖానాన్ అక్బరు కొలువులోని ప్రముఖుడు, హిందీ దోహాలకు పేరెన్నికగన్న కవి. అల్పుడు పదవి రాగానే ఎలా మిడిసిపడతాడో చెప్పడానికి ఆయన ఫర్జీగా మారిన బంటును ఉపమానంగా తీసుకున్నాడు. ఆనాటి ఫర్జీ, అంటే మంత్రి, ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. ఆ వంకర నడకే ఆయన వ్యంగ్యానికి ఆధారం. అర్ధరాత్రి గొడుగు పట్టమనే మన సామెత కూడా ఈ కోవకే చెందుతుంది. ఎదిగినవాడి నడకను ఇంతగా పరిశీలించిన లోకం, అతడికి అందవలసిన పావును పట్టుకు కూర్చున్న గుప్పిటను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

రాజధాని రాజకీయాల్లోనూ ఇదే తీరు. 2023 సెప్టెంబరులో కొత్త పార్లమెంటు భవనంలో మహిళా రిజర్వేషన్ల రాజ్యాంగ సవరణకు ఉభయ సభలూ ఆమోదం తెలిపాయి. 1996లో తొలిసారి బిల్లుగా వచ్చిన ఆ బంటు 27 ఏళ్లకు చివరి వరుస చేరింది. అయితే జనగణన, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలన్న షరతు ఆ చట్టంలోనే ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికలు ఆ కోటా లేకుండానే ముగిశాయి. గడి చేరినందుకు చప్పట్లు మోగాయి. పావు బల్ల మీదికి రాలేదు. హక్కును కాగితం మీద రాయడం ఒక ఎత్తు, దానిని అనుభవించే సాధనాన్ని చేతికి అందించడం మరొక ఎత్తు. మొదటిది నిబంధన చేయగలదు. రెండోదానికి ఎదుటి పక్షపు మర్యాద కావాలి. అది కొరవడినప్పుడు గడియారం ఆపే ధైర్యం కావాలి.

మరుసటి టోర్నమెంటులో ఆ పిల్లవాడు తొలి ఎత్తుకు ముందే ఆర్బిటర్‌ను అడిగి అదనపు మంత్రిని తెచ్చుకున్నాడు. ఆట మధ్యలో ప్రత్యర్థి మంత్రిని చంపినప్పుడు దానిని గుప్పిట్లో ఉంచుకోలేదు. బల్ల అంచున, ఎదుటివాడి చేతికి అందేంత దూరంలో, నిటారుగా నిలబెట్టి గడియారం నొక్కాడు.