తంబళ్లపల్లెలో మైకుకు తలంటు

సినిమా పత్రికలో తంబళ్లపల్లె కబురేమిటి, అక్కడేమైనా స్టూడియో ఉందా, షూటింగ్ జరుగుతోందా అని అడుగుతారేమో! స్టూడియో లేదు, షూటింగూ లేదు. మదనపల్లెలో బస్సెక్కితే చెనక్కాయ చేలు, టమోటా తోటలు, చింతచెట్లు, బండరాళ్ల గుట్టలు దాటాక వచ్చే ఊరు. దగ్గర్లోనే మల్లయ్యకొండ. శివరాత్రికి కొండమీది మల్లికార్జునస్వామి దర్శనానికి జనం విరగబడతారు. మరి ఈ ఊసెందుకంటే, పాడే మనిషికీ వినే మనిషికీ మధ్య నిలబడే ఆ చిన్న వస్తువు, అదేనండీ మైకు, దాని మంచిచెడ్డలు నాకు బోధపడింది ఇక్కడే.

శివరాత్రి వెళ్లిన వారానికి, చెన్నైలో సౌండ్ ఇంజనీరుగా ఉన్న మిత్రుడితో కలిసి వెళ్లాను. పక్క పల్లెలో ఓ అవ్వ ఉంది. వయసు ఎనభై దాటింది. విసుర్రాయి పాటలు, పెళ్లి పాటలు ఆమె నోట ఇంకా ఉన్నాయి. "అవ్వ గొంతు పోకముందే పట్టాలన్నా" అని మనవరాలు పోరగా పోరగా మావాడు బయల్దేరాడు.

పోతే పోయేదేమిటో ఈ ప్రాంతానికి తెలుసు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో 'జనగణమన' పాడారు. ఆ పాటకు మార్గరెట్ కజిన్స్ స్వరం రాశారు. కరెంటు మైకుతో గ్రామఫోను రికార్డులు చేయడం మొదలైంది 1925లో. అంచేత స్వరం కాగితం మీద మిగిలింది. ఆనాటి గొంతు మాత్రం గాలిలో కలిసిపోయింది.

బస్సు దిగి కాఫీ కోసం వెతుకుతుంటే మైకు సెట్టు షాపు కనిపించింది. అరుగు మీద ఓ పెద్దాయన పది మైకుల్ని వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన గిన్నెలో గోరువెచ్చని సబ్బునీళ్లు, ఓ పాత పళ్లబ్రష్షు.

"ఏం చేస్తున్నావన్నా?" అని అడిగాం.

"తిర్నాళ్లలో మూడు దినాలు దుమ్ము తిన్నాయి సామీ. తలంటు పొయ్యకపోతే ఎట్లా?" అన్నాడు నవ్వుతూ.

మైకు తలమీది జాలీని మరలు తిప్పి తీస్తాడు. అందులోని స్పాంజిని వేరుచేసి, రెంటినీ కడిగి, నీడలో ఒక రాత్రంతా ఆరబెడతాడు. విబూది, సాంబ్రాణి పొగ, హరిదాసు తాంబూలపు తుంపర అన్నీ ఆ నీళ్లలోకి దిగిపోతాయి. "లోపలుండే బిళ్లకు మాత్రం చుక్క నీళ్లు తగలగూడదు. తడి జాలీ మళ్లీ బిగించగూడదు" అని హెచ్చరించాడు.

పక్కనే వెల్డింగు షాపు. అది తెరిచి ఉన్నంతసేపూ మైకు విప్పడట. "ఆడ ఇనప రజను ఎగురుతా ఉంటాది. మైకులో అయస్కాంతం ఉండాది కదా, లాక్కుంటాది. పట్టిందంటే వదల్దు." మరి మైకు పట్టుకోగానే ఫూ ఫూ అని ఊదే పెద్దమనుషుల సంగతో? "చెవిలో ఊదితే మనకెట్లుంటాది సామీ!"

మావాడు ముచ్చటపడి, తను తెచ్చిన స్టూడియో మైకు పెట్టె తెరిచి చూపించాడు. కండెన్సర్ మైకు. బెర్లిన్ నాయ్‌మన్ కంపెనీవాళ్లు 1949లో యూ-47, 1967లో యూ-87 అని తెచ్చి ప్రపంచాన్ని ఊపేశారే, ఆ జాతిదన్నమాట. మైకు సెట్టు వాళ్ల డైనమిక్ మైకు మొండిఘటం. కండెన్సరు రాజకుమారి. లోపల బంగారు పూత పూసిన సన్నని పొర. దాని మందం మన వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. ఆ పొర మీద విద్యుత్తు నిలవాలి. తేమ చేరితే అది కారిపోయి చిటపటలు మొదలవుతాయి. సముద్రం పక్కనున్న చెన్నైలో పెద్ద శత్రువు ఆ తేమే. అందుకే తెలిసినవాళ్లు పని కాగానే మైకును పెట్టెలో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం వేస్తారు. పాడేవాళ్ల నోటికీ మైకుకూ మధ్య గుడ్డ తెర కడతారు. రిబ్బన్ మైకు మరీ సుకుమారం. అందులోని అల్యూమినియం రేకు గట్టిగా ఊదితేనే సాగిపోతుంది. దాన్ని మోసుకెళ్లేటప్పుడు ముసుగు వేయాల్సిందే.

అంతా విని పెద్దాయన, "ఇంత సుకుమారమైతే, తోడుకు నాదొకటి తీసకపోండి" అని ముందురోజే తలంటిన మైకును పాత పంచెముక్కలో చుట్టి ఇచ్చాడు.

సాయంత్రం అవ్వ వసారాలో రెండు మైకులూ పక్కపక్కన పెట్టాం. మొదటి రెండు పాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. మూడోది అప్పగింతల పాట. అవ్వ కళ్లు మూసుకుని, గొంతు తగ్గించి, మైకుల దగ్గరకు వంగింది. పాట సగంలో మావాడి ముఖం మాడిపోయింది. కండెన్సరు చిటపటలాడుతోంది! అయినా ఆపలేదు. పాట అయ్యాక "ఇంకోసారి పాడతావా అవ్వా?" అని అడిగితే, ఆమె కొంగుతో కళ్లొత్తుకుని "మళ్లా రాదు నాయనా" అంది.

కారణం తర్వాత తెలిసింది. ఆ మైకు ఎవరి దగ్గరో అద్దెకు తెచ్చింది. నెలల తరబడి స్టాండు మీద ముసుగు లేకుండా వదిలేశారట. పొర మీద మురికి పేరుకుంది. పొడిగాలిలో బాగానే ఉండి, నోటి ఆవిరి దగ్గరగా తగిలేసరికి ఆ మురికి తేమ పీల్చుకుని మొరాయించింది. దాన్ని ఇంట్లో గుడ్డతో తుడవబోతే పొరే చిరుగుతుంది. తెలిసిన మెకానిక్కు చేతికి ఇవ్వాలి.

మూడో పాట దక్కిందంటే తలంటు పోసుకున్న ఆ మైకు పుణ్యమే. కండెన్సరంత నాజూకుగా లేదు గానీ, అవ్వ గొంతులో వణుకు వణుకులా ఉంది.

ఒకప్పుడు మద్రాసు థియేటర్లలో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి, ఒకే టేకులో పాడి వాయించేవారు. చివరి చరణంలో మైకు చిటుక్కుమంటే మళ్లీ మొదటికి రావలసిందే! ఆ మైకుల్ని తుడిచి, మూసి, దాచిన సహాయకుల పేర్లు రికార్డు కవర్ల మీద వెతికినా కనబడవు. ఈ రోజుల్లో పల్లెపల్లెలో ఓ గదే స్టూడియో. కుర్రాళ్లు బియ్యం బస్తా పక్కనే మైకు పెట్టి జానపదాలు పాడేస్తున్నారు. తమ్ముళ్లూ, పాడండి, బాగుపడండి! పాట కాగానే మైకుకో సంచి తొడగండి, అంతే.

అవ్వ పాటలిప్పుడు మనవరాలి ఫోన్లో భద్రంగా ఉన్నాయి. మైకు తిరిగి ఇస్తూ డబ్బులివ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. "ఉగాదికి గుడికాడ నా సెట్టులో ఏస్తా. ఆ పాట పంపించండి సామీ" అన్నాడు.

పంపించాం.