ఆపా అడగమన్నది ఒకటి

శనివారం రాత్రి ఆపా ఫోన్ చేసింది. సలామ్, దువా అయ్యాక గొంతు తగ్గించి, "పోరి నీతోనైతే మాట్లాడతది. రేపు ఎటన్నా తీస్కపో. జరా దిల్ కీ బాత్ పూఛ్" అంది.

పోరి అంటే ఆపా కూతురు, నా భాంజీ. ఢిల్లీ జామియా మిల్లియాలో ఎం.ఏ. సోషల్ వర్క్ చదువుతోంది. రెండేళ్లు కావస్తోంది. ఈ మధ్యలో ఇంటికొచ్చింది రెండేసార్లు. ఒకసారి ఈద్‌కి, ఇంకోసారి అమ్మీ ఇంతెఖాల్ అయినప్పుడు. ఆ రెండోసారి జనాజా లేచిపోయాక చేరింది. నాలుగు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకుండా మళ్లీ రైలెక్కింది.

ఆపా ఫికర్ ఏంటో నాకు తెలుసు. పోరి ఫోన్‌లో అమృత్‌సర్ ఫొటో ఒకటి చూసిందట. ఐదుగురు నిలబడి ఉన్నారు, అందులో ఇద్దరు అబ్బాయిలు. రిష్తాలు చూడటం మొదలుపెట్టిన ఇంట్లో అలాంటి ఫొటో ఒక్కటి చాలు, నిద్ర పట్టదు. ఇరవై ఏళ్లుగా జనాన్ని సవాళ్లు అడగడమే నా నౌకరీ కాబట్టి ఈ పని నాకు అప్పజెప్పింది.

ఆదివారం పదకొండింటికి అబిడ్స్ జీపీవో గేటు దగ్గర కలుద్దామన్నాను. ఆదివారం అబిడ్స్ ఎట్లుంటదో మీకు తెలుసు కదా. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత కితాబులు పరిచి ఉంటాయి. పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లీషు నవలలు, మెడికల్ పుస్తకాలు, అట్టలు ఊడిన తెలుగు వారపత్రికలు. నేను డిగ్రీ చదివేటప్పుడు తెలుగు నిఘంటువు కొన్నది ఇక్కడే. జీపీవో దగ్గరే రమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది గానీ, అది నాకు అప్పుడు తట్టలేదు.

పోరి సన్నబడింది. జుట్టు కురచ చేసుకుంది. భుజానికి బట్ట సంచి, కాళ్లకు నలిగిపోయిన బూట్లు. "సలామ్ ఖాలా" అని గట్టిగా వాటేసుకుని, నేను నోరు తెరవకముందే, "అమ్మీ ఏం అడగమంది? లడ్కా ఉన్నాడా అనేనా?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. "హౌ" అన్నాను.

పడీ పడీ నవ్వింది. నవ్వాక చెప్పింది, ఫొటోలో ఉన్న ఒకబ్బాయి లక్నో అతను, నిరుడే నికాహ్ అయింది. రెండో అతను ఖమ్మం నుంచి వచ్చిన హిందువుల అబ్బాయి. జామియాలో దానికి తెలుగు మాట్లాడే తోడు అతనొక్కడే. దాని తెలుగు విని మొదట్లో తెగ నవ్వేవాడట. "మా వీధిలో సాయిబులు నీకంటే మంచి తెలుగు మాట్లాడతారు" అన్నాడట. "మా ఖాలా తెలుగులో బీఏ, తెల్సా? పేపర్లో రాస్తది" అని ఇది గొప్పలు పోయిందట. ఇద్దరూ ఎవరికీ తెలియకుండా గాసిప్ చేయాలంటే తెలుగులోకి దిగుతారట. మా కాలంలో అబ్బా ముందు దాచాల్సిన మాటలు నేనూ ఆపా స్కూల్లో నేర్చుకున్న తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. అది యాదికొచ్చి నాకూ నవ్వొచ్చింది.

అమృత్‌సర్ గురించి చాలాసేపు చెప్పింది. స్వర్ణ మందిరం లంగర్‌లో తెల్లవారుజామున ముగ్గురు ఆడపిల్లలూ కూర్చుని రొట్టెలు చేశారట. టౌన్‌హాల్‌లో 2017లో తెరిచిన పార్టిషన్ మ్యూజియం చూసి బయటికొచ్చాక గంటసేపు ఎవరూ మాట్లాడుకోలేదట. కొట్టాయం నుంచి వచ్చిన క్రిస్టియన్ దోస్తు ఒకమ్మాయి ఉంది, ఆ పిల్లకి హిందీయే సరిగ్గా రాకపోయేది, ఇప్పుడు "నక్కో", "కైకూ" అంటూ ఢిల్లీ ఆటోవాళ్లతో బేరాలాడుతోందట. మన దక్కనీకి ఢిల్లీలో ఈ మాత్రం తరక్కీ వచ్చినందుకు సంతోషించాలి. మొదటి ఏడాది క్లాసులో పోరి నోరు తెరిస్తే నవ్వేవాళ్లు ఉండేవారట. ఆ సంగతి ఫోన్‌లో ఒక్కసారి కూడా చెప్పలేదు.

అట్లా మాట్లాడుకుంటూ నడుస్తుంటే ఒక చోట వంగింది. గైడ్ల గుట్ట పక్కన పిల్లల ఉర్దూ పత్రిక 'ఖిలౌనా' పాత సంచికలు రెండున్నాయి. మా ఇంట్లో ఉండేవి అవి, అన్నయ్య నుంచి ఆపాకి, ఆపా నుంచి నాకు వచ్చేవి. చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి, మెల్లగా, "ఖిలౌనా" అని చదివింది. కింద లైను కూడా చదివింది.

నేను ఆగిపోయాను. ఈ పిల్లకి ఉర్దూ చదవడం రాదు. నర్సరీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే అయినా అక్షరం ముట్టలేదు. ఖురాన్ షరీఫ్ నాజిరా చదువుతుంది, కానీ అందులో ప్రతి హర్ఫ్‌కి జేర్, జబర్ ఉంటాయి. అవేవీ లేకుండా, చేత్తో గబగబా రాసిన ఉర్దూ రాత దానికి గోడమీద గీతలతో సమానం. మన ఇళ్లలో పిల్లలందరి పరిస్థితీ ఇదే కదా. 1918లో ఉర్దూ మీడియంతో యూనివర్సిటీ పెట్టిన శహర్ ఇది. తప్పు పిల్లలదనను. ఉర్దూ మీడియంలో చదివి నౌకరీల కోసం తిరిగింది మేమే, మా పిల్లలకి వద్దనుకుందీ మేమే.

"ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"నానీ ఖత్‌ల వల్ల" అంది.

అప్పుడు తట్టింది, జీపీవో దగ్గరే ఎందుకు రమ్మన్నానో. అమ్మీ రాసిన మూడు ఖత్‌లూ ఇక్కడే నా చేతులతో పోస్ట్ చేశాను. నా దఫ్తర్ అప్పుడు అబిడ్స్‌లోనే. లిఫాఫా అంటించి ఇచ్చేది. పైన ఇంగ్లీషులో పతా రాయడం నా పని. "ఇంత కష్టం ఎందుకమ్మీ, వాట్సాప్‌లో వాయిస్ పంపిస్తా" అంటే, "ఇంట్లో అందరూ స్పీకర్ పెట్టి వింటారు" అనేది. మనవరాలికి చదవడం రాదని అమ్మీకి తెలియదు. తెలిసిన మేమెవరం చెప్పలేదు, దిల్ నొచ్చుకుంటదని.

నాంపల్లి వైపు స్టేషన్ రోడ్డు పట్టాం. నడుస్తూ చెప్పింది. మొదటి ఖత్ వచ్చినప్పుడు తెరిచి చూసి, దిండు కింద పెట్టి ఏడ్చిందట. హాస్టల్ గదిలో ఉన్నమ్మాయిది బీహార్‌లోని కిషన్‌గంజ్. ఆ పిల్ల బడి చదువంతా ఉర్దూలోనే. ఇంట్లో మాట్లాడేది మాత్రం సూర్జాపురీ. "లా, నేను చదువుతా" అని రాత్రి లైటు తీసేశాక ఫోన్ టార్చ్ పెట్టుకుని చదివిందట. అట్లా మా ఇంటి బాతాఖానీ అంతా ఎన్నడూ చూడని ఓ కిషన్‌గంజ్ అమ్మాయి నోట్లోంచి దీనికి చేరింది. ఆ తర్వాత ఆ పిల్లే రోజుకో గంట కూర్చోబెట్టి నేర్పింది. అమ్మీ పోయిందని కబురొచ్చిన రాత్రి స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించిందీ ఆ పిల్లే.

మొన్న చలికాలం సెలవుల్లో పోరి వాళ్లింటికి కిషన్‌గంజ్ వెళ్లి వారం ఉండి వచ్చింది. బీహార్‌లో చాయ్ తోటలు ఉంటాయని నాకు దీని ఫొటోల్లో చూసేదాకా తెలియదు. ఆపాకి మాత్రం 'ఫీల్డ్ వర్క్' అని చెప్పిందట. "ఎందుకు అబద్ధం?" అంటే, "దోస్తు ఇంటికి అంటే రెండు రోజులు సవాళ్లు, ఫీల్డ్ వర్క్ అంటే ఒక్కటే సవాల్, మార్కులు ఉంటాయా అని" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్‌లో కూర్చున్నాం. రెండు చాయ్, ఉస్మానియా బిస్కట్లు. పోరి కాసేపు చెమ్చా తిప్పుతూ కూర్చుంది.

"ఖాలా, రెండో ఖత్‌లో మీ గురించి ఒక మాటుంది. మీకు చెప్పొద్దని రాసింది నానీ. ఇప్పుడు నానీ లేదు. చెప్పొచ్చా, చెప్పకూడదా అని ఆర్నెల్లుగా సోంచాయిస్తున్న."

ఫోన్‌లో ఖత్ ఫొటో తీసి నా ముందు పెట్టింది. అమ్మీ రాతే. లైను చివర 'యే' ని సాగదీసి వదిలేస్తుంది, అదే రాత.

పోరిని ఢిల్లీ పంపనని ఆపా మొండికేసినప్పుడు అమ్మీయే ఒప్పించింది. "జాకిర్ హుసేన్ సాబ్ హైదరాబాద్‌లో పుట్టి ఢిల్లీ పోయి ఆ జామియానే ఇరవై ఏళ్లు నడపలేదా, మన పిల్ల చదువుకోవడానికి పోలేదా" అని వాదించింది. ఖర్చు ఎక్కువవుతోందని, తిరిగొచ్చేస్తానని పోరి ఫోన్‌లో అన్నదట ఒకసారి. దానికి జవాబు ఈ ఖత్. పైసల ఫికర్ పెట్టుకోకు అని రాసింది. 1998లో నేను తెలుగు బీఏ చేస్తానంటే అబ్బా వద్దన్నారనీ, ముసల్మాన్ పిల్లకి తెలుగు డిగ్రీ ఎందుకు, రిష్తా ఎట్లొస్తదని పైసా ఇవ్వనన్నారనీ రాసింది. ఆయన ఇచ్చారని నేను ఇప్పటికీ అనుకుంటున్నానట. చూడీ బజార్‌లో గాజులు కొనాలని చెప్పి పక్కింటావిడతో చార్‌కమాన్ పోయి, తన లచ్ఛాలోంచి బంగారు గుండ్లు కొన్ని కొన్నిగా తీయించి అమ్మిందట. మూడేళ్లలో 14. వాటి జాగాలో రోల్డ్‌గోల్డ్‌వి ఎక్కించుకుంది.

చాయ్ చల్లారిపోయింది.

ఏటా ఫీజు కట్టే ముందు రోజు అమ్మీ నా చేతిలో నోట్లు పెట్టి "అబ్బా ఇచ్చారు" అనేది. నేను పోయి అబ్బాకి షుక్రియా చెప్పేదాన్ని. ఆయన అఖ్బార్ దించకుండానే "ఠీక్ హై" అనేవారు. ఆ ఠీక్ హైకి అర్థమేంటో ఇప్పుడు ఎవర్ని అడగాలి?

ఇంకో సంగతి పోరికి తెలియదు, పెద్దవాళ్లం పిల్లల ముందు మాట్లాడుకోలేదు. అమ్మీ పోయాక విరాసత్ పంచుకునేటప్పుడు లచ్ఛా తూకం వేయించాం. అబ్బా పోయిన రోజు మెడలోంచి తీసి పెట్టెలో పెట్టింది అమ్మీ, మళ్లీ ముట్టలేదు. సునార్ చూసి, ఇందులో సగం నకిలీవి అన్నాడు. అమ్మీ చివరిదాకా ఉన్నది మల్లేపల్లిలో భయ్యా ఇంట్లో. దస్తర్‌ఖాన్ మీద అందరం కూర్చున్నప్పుడు ఆపా తల ఎత్తకుండా, "పెట్టె తాళం ఎవరి దగ్గరుండేది?" అంది. భాభీ చేతిలో ముద్ద ప్లేట్‌లో పెట్టేసి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆపా గడప తొక్కలేదు. పదేళ్లు అమ్మీకి మందులిచ్చి, కాళ్లు పట్టిన మనిషి. నేను ఆ రోజు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే కాదు, లోపల నాకూ షక్ ఉండింది. ఇక్కడ రాయకుండా దాచుకోవచ్చు గానీ, రాస్తున్నాను.

పోరికి చెప్పాను. అది చాలాసేపు నన్నే చూసింది. "ఆర్నెల్ల కిందే చెప్పాల్సింది నేను" అంది. "నీకెట్ల తెలుస్తది బేటా" అన్నాను. "మీరు అడగలేదు కదా ఖాలా. నానీ ఏం రాసేదని ఒక్కరు కూడా అడగలేదు. అందరూ ఒక్కటే అడుగుతారు, లడ్కా ఉన్నాడా అని."

పావుకిలో ఉస్మానియా బిస్కట్లు కట్టించుకున్నాం. భాభీకి అవంటే ఇష్టం. బయటికొచ్చి యూసుఫైన్ దర్గా వైపు తిరిగామో లేదో ఆపా ఫోన్.

"ఏమంది? ఎవరన్నా ఉన్నాడా?"

"ఎవరూ లేరు ఆపా. నువ్వు బుర్ఖా వేస్కొని మల్లేపల్లి రా. మేమిద్దరం అటే పోతున్నం."

"భయ్యా ఇంటికా? ఎందుకు?"

"అమ్మీ ఖత్ ఒకటి ఉంది. భాభీ ముందు చదవాలె. నీ బిడ్డే చదువుతది."

అటు నుంచి చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్ అయిందేమో అని చూసుకున్నాను. లేదు, లైన్‌లోనే ఉంది.

"పోరి ఏమన్నా తిన్నదా?" అంది ఆపా.